ఇద్దరికి జపాను వంట

పాతికమందికి పులిహోర కలపమంటే నాకు జంకు లేదు. ఇద్దరికి వంట చెయ్యమంటేనే చెయ్యి ఆడదు. నాలాంటివాళ్ళు మన సంఘంలో చాలామందే ఉంటారని నా నమ్మకం. నేను పెరంబూరులో కాపురానికి వచ్చిన రోజుల్లో మా ఇంట్లో పూటకు పదకొండు విస్తళ్ళు లేచేవి. మానికెడు బియ్యం, గుండిగెడు చారు. తర్వాత ఆడపడుచుల పెళ్ళిళ్ళయ్యాయి, మరుదులు వేరుకాపురాలు పెట్టారు, మా అబ్బాయి టోక్యోలోనూ అమ్మాయి పుణెలోనూ స్థిరపడ్డారు. మిగిలింది మేమిద్దరం. చెయ్యి మాత్రం ఆ పదకొండు విస్తళ్ళ కొలత మరిచిపోలేదు. మన వంటల స్వభావం కూడా అలాంటిదే లెండి. గుప్పెడు పప్పుతో పప్పుచారు కాస్తే అది పప్పుచారులా ఉండదు. ఇద్దరికి గుత్తివంకాయ వండినా పదిమందికి వండినా పట్టే శ్రమ ఇంచుమించు ఒకటే. అందుకని కాస్త ఎక్కువే వండటం, ఫ్రిజ్‌లో పెట్టడం, మర్నాడు వెచ్చబెట్టుకోవడం, మూడోనాడు పారబొయ్యడం. ఇదీ వరస.

2021లో ఈ వరస తప్పింది. ఆ ఏడాది మావారికి కడుపులో కణితి ఉందని తేలి, పొట్టలో సగానికి పైగా తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు తిండి సంగతి చెప్పారు. రోజుకు మూడుసార్లు కాదు, ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. బాగా నమలాలి. భోజనం మధ్యలో నీళ్ళు, చారు, మజ్జిగ తాగకూడదు, అరగంట ఎడం ఉండాలి. తీపి ఎక్కువైతే కళ్ళు తిరుగుతాయి. కారం, పులుపు, వేపుళ్ళు కొన్నాళ్ళు వద్దు. ప్రతిసారీ గుడ్డో చేపో పప్పో, మాంసకృత్తులున్నది కొంచెమైనా కడుపులో పడాలి. నాకా, బీ.పీ. ఉంది, ఉప్పు తగ్గించమని ఏనాటినుంచో చెబుతున్నారు. ఒకరికి కారం పనికిరాదు, ఒకరికి ఉప్పు పనికిరాదు. ఇద్దరికీ కలిపి ఏం వండాలో చెప్పండి.

మొదట పథ్యం వండాను. ఆ మాటలోనే ఒక శిక్ష ఉంది. బీరకాయ మెత్తగా ఉడికించి, పోపు లేకుండా అన్నంలో కలిపి ఇచ్చేదాన్ని. పక్క పొయ్యిమీద నాకోసం ఏదో పులుసు ఉడికేది. ఇంగువ పోపు ఘుమఘుమ హాల్లోకి వెళ్ళగానే అక్కడ టీవీ శబ్దం పెరిగేది. ఆయన ఏడింటికే ఒక్కరూ తినేసేవారు. “నువ్వు తర్వాత తినవోయ్, నీ కంచం చూస్తూ నేనిది తినలేను” అన్నారొక రోజు. కోపంగా కాదు, పేపరు ఇటివ్వమన్నంత మామూలుగా అన్నారు. నలభైమూడేళ్ళ కాపురంలో మేము విడివిడిగా తిన్న రాత్రులు అంతకు ముందు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఆరు నెలల్లో పదకొండు కిలోలు తగ్గారు.

జపాను మాట ముందు ఎత్తింది ఆయనే. 1989లో ఆయన పనిచేసే అంబత్తూరు కంపెనీ తరఫున ఆరు నెలల శిక్షణకు నగోయా వైపు వెళ్ళారు. అక్కడ హాస్టల్లో జ్వరం తగిలితే తెల్లటి జావ ఇచ్చారట. పేరు ఓకాయు. “అది పథ్యంలా అనిపించలేదు, అన్నంలాగే అనిపించింది” అన్నారు. ఆ జావ చెయ్యడం నాకు తెలుసు. 2014లో మా అబ్బాయి దగ్గర మూడు నెలలున్నాం కదా, అప్పుడు నేర్చుకున్నాను. వాళ్ళుండేది నిషికసాయిలో. టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది. ఎదురింట్లో డెబ్భై దాటిన ఒకావిడ, ఆమె భర్త ఉండేవారు. వారూ ఇద్దరే. నాకు జపాను భాష రాదు, ఆవిడకు తెలుగూ ఇంగ్లీషూ రావు. వంటింట్లో నిలబడితే భాష ఎంత అవసరమో నాకప్పుడు తెలిసింది. అంత అవసరం లేదు.

ఆవిడ వంటింట్లో నన్ను మొదట ఆకట్టుకున్నది రుచి కాదు, గిన్నెలు. మన పాలగిన్నెంత ఉన్నదే అక్కడ పెద్ద గిన్నె. ఆ ఊరి కొట్లు కూడా ఇద్దరికోసమే పెట్టినట్లుండేవి. ముల్లంగి సగం ముక్క అమ్ముతారు, క్యాబేజీ పావు ముక్క అమ్ముతారు, చేప రెండే రెండు ముక్కలు పళ్ళెంలో పెట్టి అమ్ముతారు. మన కోయంబేడు మార్కెట్లో పావు క్యాబేజీ అడిగి చూడండి, ఏమంటారో! వారి బియ్యం కొలత పేరు గో. అంటే 180 మిల్లీలీటర్లు, తూకానికి సుమారు 150 గ్రాముల బియ్యం. ఒక గో బియ్యం ఆ దంపతులకు ఒక పూట సరిపోయేది. మా ఇంట్లో అత్తగారినాటి ఇత్తడి ఆళాక్కు ఒకటుంది, కొంచెం అటూ ఇటూగా అంతే పడుతుంది. దాన్ని అటకమీదనుంచి దింపి తోమి పెట్టుకున్నాను.

ఇక వంటలోకి వస్తాను. జపాను వంటకు మూలం దాషి అనే రసం. మనకు పోపు ఎలాగో వారికి ఇది అలాగ. మామూలుగా కొంబు అనే ఎండు సముద్రపు నాచుతోనూ, కట్టెలా ఎండబెట్టి పొరలుపొరలుగా చెక్కిన కత్సువో అనే చేపతోనూ చేస్తారు. ఇద్దరికి రెండు గ్లాసుల నీళ్ళలో నాలుగు వేళ్ళ వెడల్పు కొంబు ముక్క రాత్రి నానవేసి, పొద్దున సన్నటి సెగమీద పెట్టి, నీళ్ళు మరగబోయే ముందే ముక్క తీసెయ్యాలి. మరిగితే జిగురూ చేదూ వస్తాయి. ఆ నాచుమీద తెల్లటి పొడిలాంటిది ఉంటుంది. మురికనుకుని కడిగెయ్యకండి, రుచి అందులోనే ఉంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఈ రుచి ఏమిటా అని టోక్యో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఇకెదా కికునాయే కొంబునుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, 1908లో దానికి ఉమామి అని పేరు పెట్టాడు. బాగా పండిన టమాటాలోనూ అదే ఉంటుంది. మన టమాటా చారు కమ్మదనంలో కొంత దానిదే.

శనివారం మేము నీచు ముట్టం. ఆ రోజు కొంబుతోపాటు ఎండు షీటాకే పుట్టగొడుగులు రెండు నానవేస్తాను. రెండూ కలిస్తే రుచి రెట్టింపు కాదు, అంతకంటె ఎక్కువే అవుతుంది. మిగతా రోజుల్లో మన ఎండు నెత్తళ్ళు! జపానువారు నిబోషి అనే చిన్న ఎండుచేపలతో దాషి చేస్తారు. అవి ఎక్కువగా నెత్తళ్ళ జాతివే. వారు ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెడతారు, మనవి పచ్చివే ఎండలో వేస్తారు, అందుకని మన వాటికి వాసన కొంచెం ఎక్కువ. చింతాద్రిపేటలో ఉప్పు వెయ్యని నెత్తళ్ళు అడిగి తెచ్చుకుని, తలలూ పొట్టలూ గిల్లేసి, అరగంట నానబెట్టి, పది నిమిషాలు సన్నని సెగన కాచి వడకడితే ఆ చేదు రాదు. మావారు ఒక గుక్క తాగి, ఇది ఎక్కడి చేపని అడిగారు. చింతాద్రిపేటది అంటే నమ్మలేదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కొంబులో అయొడిన్ చాలా ఎక్కువ. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగందే రోజూ వాడకండి.

మిసో అంటే ఉడికించిన సోయా చిక్కుళ్ళను, బియ్యానికో బార్లీకో పట్టించిన కోజి అనే బూజుతోనూ ఉప్పుతోనూ నెలల తరబడి పులియబెట్టిన ముద్ద. నగోయా వైపు మాత్రం సోయాతోనే చేసే నల్లటి మిసో వాడతారు, ఒకజాకి ఊరి హచ్చో మిసో దానికి పేరుపొందింది. మావారికి తెలిసిన రుచి అదే. సూప్ చేసేటప్పుడు దాషిలో టోఫు ముక్కలు, పాలకూర ఉడికాక పొయ్యి కట్టేసి అప్పుడు మిసో కలపాలి. కలిపాక మరగనిస్తే ఆ సువాసన పోతుంది. ఉప్పు సంగతి నాకు ముఖ్యం కనుక లెక్క చూసుకున్నాను. ఒక గిన్నె మిసో సూప్‌లో గ్రామున్నర దాకా ఉప్పుంటుంది. పెద్ద చెంచాడు సోయా సాస్‌లో రెండున్నర గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపే ఉండమంటుంది. కాబట్టి దాషి చిక్కగా తీసి, మిసో సగమే వేస్తాను. రసం కమ్మగా ఉంటే నాలుక ఉప్పును అంతగా వెతకదు. సూప్ కూడా అన్నంతోపాటు కాదు, సాయంత్రం ఆరున్నరకు ఇద్దరం వరండాలో కూర్చుని తాగుతాం, ఏడు దాటాక భోజనం. ఎదురింటావిడ చూస్తే నవ్వుతుంది. వారి పద్ధతిలో అన్నం గిన్నె ఎడమవైపు, సూప్ గిన్నె కుడివైపు, రెండూ ఒకేసారి ఉండాలి.

ఓకాయు విషయంలో వారి లెక్క చూసి నాకు ముచ్చటేసింది. మనం జావ పలచగానో చిక్కగానో కాచామంటాం, అంతే. వారికి ఒక పాలు బియ్యానికి అయిదు పాళ్ళు నీళ్ళు పోస్తే నిండు జావ, ఏడు పోస్తే ‘ఏడు పాళ్ళ జావ’, పది పోస్తే ‘అయిదు పాళ్ళ జావ’. ఇక్కడ పాళ్ళంటే నీళ్ళు కావు, చిక్కదనం. ఆస్పత్రిలో రోగిని పలచటి జావనుంచి ఒక్కో మెట్టూ ఎక్కించి, నిండు జావకు, ఆపైన అన్నానికి తీసుకొస్తారు. ఉప్పుడు బియ్యం దీనికి పనికిరాదు, పచ్చి పొన్ని బియ్యం బాగుంటుంది. కడిగి అరగంట నానబెట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో, ఒక పొంగు వచ్చాక సన్నని సెగమీద ముప్పావుగంట. గరిటె పెట్టి కలపకూడదు, మెతుకు మెతుకుగానే ఉండాలి. కుక్కరు వద్దు. మావారిని పది పాళ్ళ నీళ్ళనుంచి అయిదుకు తీసుకురావడానికి నాకు అయిదు వారాలు పట్టింది. ఆ వారాలన్నీ నేనూ అదే తిన్నాను. మొదటి రాత్రి నా గిన్నెలోకి తొంగిచూసి, “నీక్కూడా ఇదేనా?” అన్నారు. ఇదేనన్నాను. ఆ రోజు టీవీ పెట్టలేదు.

వారు ఓకాయులో ఉమెబోషి అనే ఊరబెట్టిన కాయ నంజుకుంటారు. మహా పుల్లన, అంతకంటె ఉప్పన. అది మా ఇద్దరికీ పనికిరానిది. దాని బదులు కొంచెం కొత్తిమీర, నువ్వుల పొడి.

అన్నిట్లోకీ మా ఇంట్లో పేరు తెచ్చుకున్నది చవాన్‌ముషి. చవాన్ అంటే టీ గిన్నె, ముషి అంటే ఆవిరిమీద ఉడికించడం. గుడ్డుతో చేసే మెత్తటి జున్ను అనుకోండి, కాకపోతే తీపి ఉండదు. ఒక్క గుడ్డు ఇద్దరికి సరిపోతుంది. గుడ్డు పరిమాణానికి మూడింతలు దాషి, అనగా 150 మిల్లీలీటర్లు. దాషి చల్లారి ఉండాలి. గుడ్డును నురగ రాకుండా పుల్లలతో కోస్తున్నట్లు కలిపి, దాషి పోసి, అయిదారు చుక్కలు సోయా సాస్ వేసి, టీ వడపోసే జల్లెడలో వడకట్టాలి. ఈ వడకట్టడం మానొద్దు, నునుపంతా దానివల్లే. రెండు పింగాణీ కప్పుల అడుగున నానిన షీటాకే ముక్క ఒకటి, రొయ్య ఒకటి వేసి పైన ఇది పోసి ఆవిరికి పెట్టాలి. మన ఇడ్లీ పాత్ర దీనికోసమే పుట్టిందా అన్నట్టుంటుంది! మూతకింద గుడ్డ కడితే ఆవిరి చుక్కలు కప్పుల్లో పడవు. మొదటి రెండు నిమిషాలు పెద్ద మంట, ఆ తర్వాత మూత కొంచెం ఓరగా పెట్టి సన్నని మంటమీద పది పన్నెండు నిమిషాలు. మంట ఎక్కువైతే లోపల తేనెపట్టులా చిల్లులు పడతాయి, నీళ్ళు వదిలేస్తుంది. పుల్ల గుచ్చితే తేట రసం వస్తే అయినట్లు.

వేడివేడిగా చెంచాతో తినాలి. పుల్లలతో తినే ఆ దేశంలో చెంచాతో తినే వంటలు తక్కువ, ఇదొకటి. నమిలే పని లేదు, గొంతులో జారిపోతుంది. మాంసకృత్తులున్నాయి, కారం లేదు, నూనె చుక్క లేదు. ఇది చేసిన మొదటిరోజు మావారు కప్పు అడుగున రొయ్య దాకా వెళ్ళి ఆగారు. “దీన్ని చివరికి దాచారు చూశావా” అన్నారు. ఆపరేషన్ అయ్యాక తిండి గురించి ఆయన అన్న మొదటి మంచి మాట అది. మర్నాడు పుణెనుంచి అమ్మాయి ఫోన్ చేస్తే ఆ రొయ్య సంగతి ఆమెకూ చెప్పారు.

ముల్లంగిని ఆ దేశంలో చూసినంత మర్యాదగా మనం చూడం. రెండంగుళాల మందాన చక్రాలు కోసి, అంచులు చెక్కి, ముందు బియ్యం కడిగిన నీళ్ళలో ఉడికిస్తారు. చేదూ ఘాటూ పోయి తెల్లగా తేటపడుతుంది. మనం కుడితిలో పారబోసే నీళ్ళకు అక్కడ అంత పని ఉంది. తర్వాత నీళ్ళు మార్చి దాషిలో, కొంచెం సోయా సాస్‌తో సన్నని సెగన మళ్ళీ ఉడికించాలి. గిన్నెకంటె చిన్న మూత నేరుగా ముక్కలమీదే బోర్లిస్తారు, రసం కొంచెమే ఉన్నా అన్ని ముక్కలకూ పడుతుంది. ఇద్దరికి వండటంలో కిటుకు ఇదేననిపించింది నాకు. గుమ్మడికాయా అలాగే. దానిలో తీపి దానికే ఉంది కనుక చక్కెర నేను వెయ్యను. వారు వేసే మిరిన్ అనే తియ్యటి సారా రసమూ మా ఇంట్లో లేదు. అవి లేకపోతే జపాను వంట కాదని మా కోడలు పంతులమ్మలా చెబుతుంది, చెప్పనివ్వండి.

చేపకు వస్తే మన వంజరం వారి సవారాకు దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి. క్యోటోలో సవారా ముక్కలకు తెల్ల మిసో పట్టించి ఒకటి రెండు రోజులుంచి కాలుస్తారు. నేను రెండు ముక్కలకు పలచగా పట్టించి రాత్రి ఉంచి, మర్నాడు మిసో పూర్తిగా తుడిచేసి, పెనం మీద కాగితం పరిచి చిన్న మంటమీద కాలుస్తాను. తుడవకపోతే మాడుతుంది, ఉప్పూ ఎక్కువవుతుంది. కానగుర్తలు దొరికిన రోజున అల్లం ముక్కలతో మిసోలో ఉడికిస్తాను. ఆ చేప శాస్త్రీయ నామంలో ‘కానగుర్త’ అనే మన మాటే ఉందని మీకు తెలుసా? పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నంలో చేపలు సేకరించి 1803లో అచ్చువేసిన పుస్తకంలో మన జాలర్లు పిలిచే పేర్లే రాశాడు. అలా అది లోకమంతా వెళ్ళింది. ఆ కథ విన్న రాత్రి మావారు ఒక ముక్క ఎక్కువే తిన్నారు.

ఇదంతా చదివి జపాను వంట ఔషధమని ఎవరూ అనుకోవద్దు. కడుపు క్యాన్సరు ఎక్కువగా ఉన్న దేశాల్లో జపాను ఒకటి. ఉప్పులో నిలవబెట్టిన తిళ్ళకూ దానికీ సంబంధం ఉందని వైద్యులు చెబుతారు. 2013లో యునెస్కో వారి భోజన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది, నిజమే. ఆ గౌరవం వారి సంప్రదాయానికి గాని, దుకాణంలో దొరికే ప్రతి సీసాకూ కాదు. ఊరగాయలూ, ఉప్పుచేపలూ, పొడి కలిపితే అయ్యే సూప్‌లూ నేను కొనను. కొనేవి మిసో డబ్బా, కొంబు, షీటాకే, ఉప్పు తక్కువ సోయా సాస్. శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు జపాను కంపెనీలు వచ్చినప్పటినుంచి వారికోసం చెన్నైలో కొట్లు వెలిశాయి కనుక ఇవి దొరకడం కష్టం కాదు. ఖరీదే. కాని మిసో డబ్బా ఒకటి ఫ్రిజ్‌లో మాకు నాలుగు నెలలు వస్తుంది, పారబోసే కూర ఖర్చు మిగిలింది.

వారానికి నాలుగు రాత్రులే ఈ వంట. పగటిపూట పెసరపప్పు, సొరకాయ కూర, పెరుగన్నం మామూలే. కొత్తావకాయ మీద నాకు చావని కోరిక, మాంబళంలో మా చెల్లెలింటికి వెళ్ళిన రోజున ముద్ద కలుపుకుంటాను. ఆ సంగతి మావారికి తెలుసు. ఇంటికి రాగానే చెయ్యి వాసన చూసి, “బాగుందా?” అంటారు. ఆయన బరువులో ఆరు కిలోలు తిరిగొచ్చాయి. ఈ మధ్య డాక్టరుగారు కొద్దిగా మిరియాలకు ఒప్పుకున్నారు.

పాలకూరతో చేసే గోమాయే చెప్పడం మిగిలిపోయింది. ఆకు ఒక్క నిమిషం ఉడికించి చల్లటి నీళ్ళలో వేసి, పిండి, అంగుళం ముక్కలు కోసి, వేయించిన నువ్వులు నూరి, సోయా సాస్ నాలుగు చుక్కలతో కలపడమే. మిరపకాయ వెయ్యని నువ్వుల పొడి. నూరడం మావారి పని. చిన్న రోలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంటారు. మరీ మెత్తగా నూరుతున్నారు, సగం గింజలు పలుకుగా ఉండాలని నేనంటే, “పళ్ళు నావి, చెయ్యి నాది, నువ్వెళ్ళి ఆకు చూసుకో” అంటారు.